కాలేజీ కౌన్సెలర్, 14416, ఆసుపత్రి ఓపీ: మనసు బాగాలేని విద్యార్థికి ఏది మేలు?

2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం గురించి దేశమంతటికీ వర్తించే పదిహేను మార్గదర్శకాలను జారీ చేసింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో వెలువడిన తీర్పు అది. వందమంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒక్కరినైనా నియమించుకోవాలని, అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలని, టెలీమానస్ (14416కు ఫోన్ చేస్తే దొరికే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ) వంటి హెల్ప్‌లైన్ నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదుల్లో అందరికీ కనిపించేలా రాసిపెట్టాలని అందులో ఉంది.

కాగితం మీద చూస్తే మన ఇంటర్, డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇవాళ చాలా దారులే ఉన్నాయి. కాలేజీలో కౌన్సెలర్, ఫోన్‌లో 14416, జిల్లా కేంద్రంలోని ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం, పట్టణంలో ప్రైవేటు సైకియాట్రిస్టులు, సైకాలజిస్టులు, ఇవి కాక రకరకాల యాప్‌లు. వీటిలో ముందు ఎక్కడికి వెళ్లాలని అడిగితే మనవాళ్ల మాటలు ఎక్కువగా "మంచి డాక్టరు ఎవరు" అన్న దగ్గరే తిరుగుతుంటాయి. పదహారు నుంచి పాతికేళ్ల వయసువారి విషయంలో నేను అంతకంటే ముందు చూసేది ఒకటుంది: ఆ అబ్బాయి గానీ ఆ అమ్మాయి గానీ అక్కడికి రెండోసారి వెళ్లగలరా? మానసిక చికిత్సలో మొదటి రోజు జరిగేది చాలా తక్కువ. మాటల ద్వారా చేసే చికిత్సకు సాధారణంగా ఎనిమిది నుంచి పదహారు సిట్టింగులు పడతాయి. డిప్రెషన్‌కు ఇచ్చే మందుల గుణం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఒక్కసారి వెళ్లి మానేసినవారికి "వెళ్లాను, ఏమీ తగ్గలేదు" అన్న అభిప్రాయమే మిగులుతుంది, ఆ తర్వాత ఎంత అవసరం వచ్చినా వారు ఆ వైపు తొంగిచూడరు.

సమస్య ఎంత పెద్దదో చెప్పడానికి రెండు మూడు లెక్కలు చాలు. జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు తేలింది. అదే సర్వే ప్రకారం జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు.

అన్నిటికంటే దగ్గరగా ఉండేది కాలేజీ కౌన్సెలర్. డబ్బు అక్కర్లేదు, బస్సు ఎక్కనక్కర్లేదు, ఒక పీరియడ్ ఖాళీ దొరికితే వెళ్లి రావచ్చు, వచ్చే వారం మళ్లీ వెళ్లవచ్చు. వీకెండ్ టెస్టులు, నోటీసు బోర్డు మీద ర్యాంకుల జాబితా, మార్కులు తగ్గితే కింది సెక్షన్‌కు మార్చడం వంటివి ఒక పిల్లవాణ్ని ఎలా నలిపేస్తాయో బయటి డాక్టరుకు వివరించి చెప్పాలి, కౌన్సెలర్‌కు అవి కళ్లముందే జరుగుతుంటాయి. లెక్చరర్‌తో మాట్లాడి ఒక నెలపాటు పరీక్షల భారం తగ్గించడం, సెక్షన్ మార్పు ఆపించడం, హాస్టల్ గది మార్పించడం వంటివి చేయించగలిగినది కూడా ఆ ఒక్కరే. ఈ బలాన్ని నేను తక్కువ చేసి చూడలేను. చాలామంది పిల్లలకు కావలసింది మందు కంటే ముందు ఆ ఒక్క నెల ఊపిరే.

అయితే ఆ కౌన్సెలర్‌కు జీతం ఇచ్చేది యాజమాన్యమే. ఆ గదిలోకి వెళ్లడం వరండాలో ఉన్నవారందరికీ కనిపిస్తుంది. చాలా కాలేజీల్లో హాజరు, మార్కులు చూసే లెక్చరర్‌కే ఈ బాధ్యత కూడా అప్పగిస్తారు. నిన్న మార్కులు ఎందుకు తగ్గాయని నిలదీసిన మనిషి దగ్గర ఇవాళ మనసు విప్పడం ఏ పిల్లవాడికీ సాధ్యం కాదు. చెప్పిన మాట ప్రిన్సిపాల్ ద్వారా సాయంత్రానికల్లా ఇంటికి చేరితే, ఆ విద్యార్థి ఇక ఏ కౌన్సెలర్‌నూ నమ్మడు. అందుకే మొదటిసారి వెళ్లినప్పుడు కూర్చున్న వెంటనే అడగవలసిన మాట ఒకటుంది: "నేను చెప్పేది ఎవరికైనా చెబుతారా? చెబితే ఎప్పుడు చెబుతారు?" పనితెలిసిన కౌన్సెలర్ దానికి స్పష్టంగా జవాబిస్తారు. నీ ప్రాణానికి గానీ ఇంకొకరి ప్రాణానికి గానీ ముప్పుందని అనిపిస్తే చెబుతాను, ఆ సంగతి కూడా ముందు నీతోనే అంటాను, మిగతాదంతా ఈ గదిలోనే ఉంటుంది అంటారు. "అవసరమైతే చెబుతాం" అని దాటవేస్తే ఆ కౌన్సెలర్‌తో పరీక్షల ఒత్తిడి వరకే మాట్లాడి, అసలు విషయం వేరే చోట చెప్పుకోవడం మంచిది.

ఆ వేరే చోటు చాలామందికి 14416 కావచ్చు. 2022-23 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన టెలీమానస్ సేవ 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలైంది. దీనికి బెంగళూరులోని నిమ్‌హాన్స్ కేంద్రస్థానం. ఇరవై భాషల్లో, ఇరవై నాలుగు గంటలూ, పైసా ఖర్చు లేకుండా పనిచేస్తుంది. ఫోన్ కలవగానే భాష ఎంచుకోమంటుంది. తెలుగు ఎంచుకుంటే శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. విషయం వారి స్థాయిని మించితే సైకియాట్రిస్టుకు గానీ, దగ్గరలోని ఆసుపత్రికి గానీ దారి చూపిస్తారు, అవసరమైతే తామే తిరిగి ఫోన్ చేసే ఏర్పాటు కూడా ఉంది. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పకుండానే మాట్లాడవచ్చు. ఊళ్లో అందరికీ అందరూ తెలిసిన చోట, సైకియాట్రిస్టు బోర్డు కింద నిలబడడానికే జంకే అమ్మాయికి, తన గొంతు తప్ప ఏమీ బయటపడని ఈ దారి ఎంత అండో మాటల్లో చెప్పలేం. ఇంగ్లీషులో తన బాధ చెప్పుకోలేని తెలుగు మీడియం విద్యార్థికి తెలుగులో, అర్ధరాత్రి కూడా, ఉచితంగా వినేవారు దొరకడం మామూలు సంగతి కాదు.

దీని లోటు కూడా అక్కడే ఉంది. మళ్లీ చేసినప్పుడు అదే మనిషి దొరుకుతారన్న హామీ లేదు. మొన్న గంటసేపు చెప్పుకున్నదంతా ఇవాళ మరొకరికి మొదటి నుంచి చెప్పుకోవలసి రావచ్చు. ఆ ఒక్క కారణంతోనే చాలామంది రెండోసారి చేయరని నా అనుమానం. దీనికి నాకు తోచిన ఉపాయం చిన్నది. మొదటి కాల్ పెట్టేసేలోపే "నేను వెళ్లదగిన ఆసుపత్రి ఏది, ఏ రోజు వెళ్లాలి" అని అడిగి రాసుకోవాలి. అప్పుడు రెండోసారి అనేది ఫోన్ దగ్గర ఆగకుండా ఒక చోటు, ఒక తేదీ అవుతుంది.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంటర్ హాస్టల్ పిల్లలది. మన రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో ఎక్కువ భాగం మొబైల్ ఫోన్‌ను అనుమతించవు. ఇంటికి మాట్లాడాలంటే వార్డెన్ ఫోనో, హాస్టల్ ఫోనో, అదీ వెనక నలుగురు వరసలో నిలబడి ఉండగా. అలాంటి గోడ మీద 14416 అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఆ పిల్లవాడు ఏ ఫోన్‌తో చేస్తాడు? హాస్టల్‌లో ఒక మూల, తలుపు వేసుకోగలిగే చోట, వార్డెన్ వినలేని విధంగా, 14416కు మాత్రం కలిసే ఒక ఫోన్ పెట్టమని తల్లిదండ్రులు యాజమాన్యాన్ని అడగాలి. ఫీజు కట్టేటప్పుడు ఏసీ గదుల గురించి, ర్యాంకుల గురించి ఇన్ని ప్రశ్నలు అడిగే మనం ఈ ఒక్కటి కూడా అడగగలం.

ఇక ప్రభుత్వాసుపత్రి. చాలామందికి ఈ మాట వినగానే ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలలే గుర్తొచ్చి, అడుగు వెనక్కి పడుతుంది. కానీ ఇప్పుడు పరిస్థితి బాగా మారింది. ప్రతి వైద్య కళాశాలకూ మానసిక వైద్య విభాగం ఉండాలి. పాత ఆసుపత్రులైన గాంధీ, ఉస్మానియా, విశాఖ కింగ్ జార్జి, గుంటూరు జనరల్ ఆసుపత్రి, వరంగల్ ఎంజీఎంల సంగతి అలా ఉంచితే, ఈ మధ్య తెలంగాణలో దాదాపు ప్రతి జిల్లాకూ ఒక ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ కొత్తవి కొన్ని మొదలయ్యాయి. ఒకప్పుడు హైదరాబాదుకో విశాఖకో ప్రయాణం కట్టవలసిన కుటుంబానికి ఇవాళ జిల్లా కేంద్రంలోనే, కంటి డాక్టరు, చర్మం డాక్టరు ఉన్న భవనంలోనే సైకియాట్రిస్టు దొరుకుతున్నారు. జనరల్ ఆసుపత్రి గేటులోకి వెళ్లేవారిని చూసి ఏ గదికి వెళ్తున్నారో ఎవరూ ఊహించలేరు. పిల్లల విషయంలో ఈ మరుగు చాలా విలువైనది.

అక్కడ జరిగేది ఇలా ఉంటుంది. పొద్దున్నే కౌంటర్‌లో పేరు, వయసు చెప్పి ఓపీ చీటీ తీసుకోవాలి. మానసిక వైద్య విభాగం ముందు బెంచీ మీద వంతు కోసం కూర్చోవాలి. పెద్ద కాలేజీల్లో ముందుగా పీజీ చదువుతున్న యువ డాక్టరు పిలుస్తారు. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఎప్పటి నుంచి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంటారు. చివరి ప్రశ్న విని చాలామంది ఉలిక్కిపడతారు. అది అందరినీ అడిగేదే, దానికి నిజం చెప్పినంత మాత్రాన ఎవరూ అక్కడికక్కడ వార్డులో పడేయరు. ఆ తర్వాత పెద్ద డాక్టరు చూసి, అవసరమైతే థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు రాస్తారు, ఎందుకంటే నీరసం, మందకొడితనం వెనక అవి కూడా ఉండవచ్చు. ఫ్లుయోక్సెటిన్, ఎస్సిటలోప్రామ్ వంటి మందులు జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవే. స్టాకు ఉంటే ఆసుపత్రి ఫార్మసీలో ఉచితంగా ఇస్తారు.

అంతా విన్నాక కూడా ఈ దారికి రెండు కష్టాలున్నాయని ఒప్పుకోవాలి. ఒకటి, రద్దీ. పది నిమిషాలకు మించి పెద్ద డాక్టరు సమయం దొరకకపోవచ్చు, వారం వారం గంటసేపు మాట్లాడే చికిత్స అన్ని చోట్లా ఉండదు. పెద్ద ఆసుపత్రుల్లో విభాగం యూనిట్లుగా, అంటే డాక్టర్ల బృందాలుగా పనిచేస్తుంది కాబట్టి, మొదటిసారి చూసిన యూనిట్ ఏదో, దాని ఓపీ రోజు ఏదో చీటీ మీద చూసుకుని అదే రోజున వెళ్తే చాలావరకు అదే డాక్టర్లు కనిపిస్తారు. ఈ చిన్న సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల ప్రతిసారీ కొత్త ముఖానికి కథంతా చెప్పుకుని విసిగిపోయేవారు ఎందరో. రెండో కష్టం హాస్టల్ పిల్లలకు వచ్చేది. వారికి ఔటింగ్ ఇచ్చేది సాధారణంగా ఆదివారం, ఓపీ ఉండేది సోమవారం నుంచి శనివారం దాకా. పెద్దవాళ్లు ఎవరైనా వారం మధ్యలో వచ్చి తీసుకువెళ్తే తప్ప ఆ తలుపు వారికి మూసి ఉన్నట్లే. సొంతంగా తిరగగలిగిన డిగ్రీ, బీటెక్ విద్యార్థులకు ఈ ఇబ్బంది లేదు.

ప్రైవేటు క్లినిక్ ఈ రెండు లోట్లనూ తీరుస్తుంది. సాయంత్రం వెళ్లవచ్చు, ప్రతిసారీ అదే డాక్టరు, అదే సైకాలజిస్టు. రెండోసారి వెళ్లడం అన్న నా కొలతతో చూస్తే అన్నిటికంటే మెరుగైనది ఇదే, డబ్బు ఉన్నంతవరకు. హైదరాబాదులో సైకాలజిస్టుతో ఒక్క సిట్టింగుకు వెయ్యి, రెండు వేలు అవ్వడం మామూలే. అలాంటివి పది పన్నెండు అంటే మధ్యతరగతి ఇంటికి కూడా బరువే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని చెప్పింది, బీమా నియంత్రణ సంస్థ కూడా 2022లో కంపెనీలకు ఆ మాట గట్టిగా గుర్తుచేసింది. కానీ మన పాలసీల్లో ఎక్కువ భాగం ఆసుపత్రిలో చేరినప్పుడే వర్తిస్తాయి, ఓపీ ఖర్చు చేతి నుంచే పోతుంది. మూడు సిట్టింగుల తర్వాత డబ్బులేక ఆగిపోవడం కంటే, నెలకొకసారి అయినా ఏడాది పొడుగునా వెళ్లగలిగిన ప్రభుత్వ ఓపీ మేలని నా నిశ్చితాభిప్రాయం.

ప్రైవేటులో మరో జాగ్రత్త అవసరం. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అది అడిగి చూసుకోవడంలో తప్పులేదు, సరైనవారెవరూ దానికి నొచ్చుకోరు. కొద్దివారాల ఆన్‌లైన్ కోర్సు చేసి కౌన్సెలర్‌నని బోర్డు పెట్టుకున్నవారు కూడా ఉన్నారు గనుక ఈ మాట చెప్పవలసి వస్తోంది.

యాప్‌ల గురించి, కృత్రిమ మేధ చాట్‌ల గురించి ఎక్కువ చెప్పను. రాత్రి నిద్ర పట్టనప్పుడు శ్వాస మీద ధ్యాస పెట్టించడానికి, ఆ రోజు మనసులో ఏముందో రాసుకోవడానికి కొన్ని పనికొస్తాయి. జబ్బు ఏదో తేల్చడానికి గానీ, ప్రాణం మీదికి వచ్చిన ఆలోచనలను పట్టుకోవడానికి గానీ వాటిని నమ్ముకోకూడదు. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే నిద్రమాత్రల విషయంలో మాత్రం గట్టిగానే చెబుతాను. అల్‌ప్రాజోలమ్ వంటివి కొద్ది వారాల్లోనే అలవాటుగా మారతాయి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనివి. డిప్రెషన్‌కు రాసే మందులకు అలాంటి వ్యసన గుణం లేదు. అయితే వాటిని కూడా ఉన్నపళంగా మానేయకూడదు. జనం భయపడేది రెండోవాటికి, చనువుగా మింగేది మొదటివాటిని.

మరి ఏది మేలు? పరీక్షల ఒత్తిడి, ఇంటి మీద బెంగ, స్నేహితులతో గొడవ వంటివి నలుగుతుండి, తిండి, నిద్ర, చదువు మామూలుగానే సాగుతుంటే, పైన చెప్పిన ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే కాలేజీ కౌన్సెలర్ ఉంటే అక్కడే మొదలుపెట్టాలి, లేకపోతే 14416. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి పాడై, ఏడుపో, ఏ పని మీదా ఇష్టం లేకపోవడమో పట్టుకుంటే కౌన్సెలింగ్‌తోనే నెట్టుకురాకుండా ఆసుపత్రి ఓపీకి వెళ్లాలి. ఎవరూ లేని చోట మాటలు వినిపించడం, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారని గట్టిగా నమ్మడం, గదిలోంచి బయటికి రాకపోవడం కనిపిస్తే ఒక్కరోజు కూడా కౌన్సెలర్ దగ్గర కాలయాపన చేయకుండా నేరుగా సైకియాట్రిస్టు దగ్గరకే. ఈ జబ్బులు చాలామందిలో మొదలయ్యేది సరిగ్గా ఈ వయసులోనే, చికిత్స ఎంత త్వరగా అందితే అంత మంచిది. ఇంట్లో ముందు తాయెత్తు కట్టించాలని పెద్దలు పట్టుబడితే కట్టించనివ్వండి, ఆసుపత్రికి వెళ్లే రోజు మాత్రం వాయిదా పడనివ్వకండి.

ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గట్టిపడిందని తెలిస్తే ఈ పోలికలన్నీ పక్కన పెట్టాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, 108కి ఫోన్ చేసి గానీ ఉన్న వాహనంలో గానీ దగ్గరలోని పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకువెళ్లాలి. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆగిపోయే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, వారిని శిక్షించకూడదని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. అదే చట్టం 23వ సెక్షన్ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కునిచ్చింది గనుక, ఓపీకి వెళ్లిన సంగతి కాలేజీకి తెలిసిపోతుందని కూడా భయపడనక్కర్లేదు.

పద్దెనిమిది నిండనివారి విషయంలో చికిత్సకు తల్లిదండ్రుల సమ్మతో సంరక్షకుల సమ్మతో కావాలి కాబట్టి ఇంటర్ పిల్లల విషయంలో చివరి నిర్ణయం ఇంటివారిదే అవుతుంది. వారం మధ్యలో ఒక రోజు సెలవు పెట్టి, పిల్లవాణ్ని హాస్టల్ నుంచి తీసుకుని పొద్దున్నే ఓపీకి చేరండి. డాక్టరు గదిలో మీ మాట మీరు చెప్పాక, పది నిమిషాలు బయటికి వచ్చి వాణ్ని ఒంటరిగా మాట్లాడనివ్వండి. డిప్రెషన్‌కు మందులు రాస్తే మొదటి వారాల్లో కొందరిలో అలజడి, చావు ఆలోచనలు పెరిగే అవకాశం ఉంటుంది. పాతికేళ్లలోపు వారిని ఆ రోజుల్లో దగ్గరగా గమనించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007 నుంచీ హెచ్చరిస్తోంది. అందువల్ల వీలైతే మొదటి రెండు వారాలైనా ఇంట్లోనే ఉంచుకోండి, మాత్రలు మీ చేతిలో పెట్టుకుని పూటకు పూట ఇవ్వండి. తిరిగి హాస్టల్‌లో దింపే రోజున, చీటీ మీద డాక్టరు రాసిన తర్వాతి ఓపీ తేదీకి సెలవు అడుగుతూ ఉత్తరం రాసి, వార్డెన్ చేత సంతకం చేయించుకునే బయల్దేరండి.